పాటలో లేని పేరు

(నైలు కాలవ పక్కన ఒక నేతమిల్లు ఊరు. మిల్లులో చాలాకాలం నేత నేసిన ఇన్సాఫ్ ఇల్లు, దీపాలు పెట్టే వేళ. కొడుకు పేరు మీద ఊళ్ళో ఆమెని ఉమ్ రమ్జీ, అంటే రమ్జీ తల్లి, అని పిలుస్తారు. ఎదురుగా కూర్చున్నది మిల్లు రాత్రిబడిలో చదువు చెప్పిన ఉస్తాద్ వజీహ్.)

"ఎనభై ఆరు, మే ఐదో తారీఖు. వసంతం పండగ, సోమవారం. తిన్నది ఫిసీఖ్. ఉప్పులో మగ్గబెట్టిన చేప, ఉల్లికాడలు, రంగులేసిన గుడ్లు. చాలా?"

"చేప సంగతి నేనడగలేదు, ఉమ్ రమ్జీ. ఆ పాట మొదట ఎప్పుడు విన్నారని అడిగాను."

"అదేగా చెప్తున్నా. ఆ పాట తలుచుకుంటే నాకు ముందు చేప వాసనే వస్తుంది. ఆ రోజు నుంచి ఫిసీఖ్ నోట పెట్టలేదు. మా కోడలు పండక్కి తెచ్చి మూత తీసిందంటే నేను మేడెక్కి కూర్చుంటా."

"ఊళ్ళో అందరికీ నోరూరే వాసన అది."

"కుళ్ళిన వాసన. కుళ్ళుని ఉప్పులో దాచి పండగ చేసుకుంటాం. టీ తాగండి."

"పుదీనా వేశారే! మా ఆవిడ రతీబా పోయాక మా ఇంట్లో టీకి పుదీనా లేదు. కొనుక్కొస్తా, ఎండిపోతుంది."

"నీళ్ళ గ్లాసులో నిలబెట్టాలి ఉస్తాద్. ఆవిడ ఆ మాత్రం చెప్పలేదా?"

"చెప్పే ఉంటుంది. సరే, పండగ రోజు కాలవ గట్టున, తుమ్మ చెట్ల కింద. అక్కడేనా?"

"అక్కడే. చాపలేశాం. నేతషెడ్డు వాళ్ళు, నూలుషెడ్డు వాళ్ళు, పిల్లలు. మీరూ వచ్చారుగా. రతీబా మీ చేత పుచ్చకాయ మోయించింది."

"మోశాను. కానీ పాట ఎత్తుకున్నప్పుడు నేను పిల్లల్ని నీళ్ళ దగ్గర్నుంచి లాక్కొస్తున్నా. వెనక్కొచ్చేసరికి అందరూ పాడుతున్నారు. ఎవరు మొదలెట్టారో చూడలేదు."

"చూడకపోవడమే మంచిదైంది."

"ఎందుకని?"

"చల్లారిపోతోంది. తాగండి."

"ఉమ్ రమ్జీ, గురువారం యూనియన్ హాలు గుమ్మం పక్కన చలవరాయి పెడుతున్నారు. మీరు విన్నారో లేదో. పాట మొత్తం చెక్కిస్తున్నారు. కింద కట్టినవాడి పేరు."

"ఎవరి పేరుట?"

"జలాల్ షాఫయీ."

"థూ!"

"అయ్యో, ఉమ్ రమ్జీ—"

"మీ మీద పడలేదుగా? అయితే ఇంకోసారి. థూ!"

"ఆయన యూనియన్ ప్రెసిడెంటు. నేను మిల్లు పాటలన్నీ కూర్చి చిన్న పుస్తకం వేస్తున్నా కదా. అందులోనూ తన పేరే వెయ్యమంటున్నాడు. పేరు తప్పు పడకూడదని నా బాధ."

"వాడు పాట కట్టాడా! వాడికి పెళ్ళిలో చప్పట్లు కొట్టడం కూడా రాదు. అందరూ ఆపాక ఒకటి కొడతాడు. ఎక్కడ కట్టాడట?"

"మిల్లు మరుగుదొడ్లో కూర్చుని సిగరెట్ పెట్టె వెనక రాశాడట."

"మిల్లు దొడ్లోనా! వాటికి తలుపులే లేవు ఉస్తాద్. మేం ఎక్కువసేపు కూర్చుంటున్నామని మేనేజరు బే, ఆ దొరగారు, పీకించేశాడు. ఆ కంపులో రెండు పంక్తులు రాయడమా? ఊపిరే పూర్తిగా తీసుకోలేం."

"అది నిజమే."

"వాడెప్పుడూ ఆ దొడ్లకి రాలేదు కాబట్టి వాడికి తెలీదు. వాడు ఆఫీసు దొడ్డికెళ్ళేవాడు. అక్కడ సబ్బు కూడా ఉండేది."

"నా దగ్గరున్న చరణాలు పాడతా. తప్పుంటే దిద్దండి."

"వద్దు."

"కొంచెం. సహర్ తప్పెటవాడి వరసే కదా. రంజాన్ నెలంతా చీకట్లో వీధివీధీ తిరిగి, ఇంటింటి ముందూ ఆగి, పేరు పెట్టి లేపుతాడే, ఆ పిలుపు."

"ఆ పిలుపే. దేవుడి పని కోసం లేపే పిలుపు. దాని మీద మేనేజరు పొట్ట పెట్టారు."

"ఎంత బాగా పెట్టారు! 'లేవయ్యా మేనేజరు బే, తెల్లారింది లే. మా పూటకూడు మింగావు, త్రేన్చడానికైనా లే.' ఆ ఏడాది పూట భత్యం కోసేశారుగా. ఆ తర్వాత నేతషెడ్డు సుబ్హీది. 'లేవయ్యా సుబ్హీ, దారం తెగింది లే. తెగిన దారానికి నీ ఉమ్మే బంక, లే.' అప్పుడు సుబ్హీ లేచి నిలబడి—"

"'లేచా!'"

"అదీ. ఎవరి పేరొస్తే వాళ్ళు 'లేచా' అని అరవాలి. పాట మజా అంతా అందులోనే."

"మజా. అవును. మజా."

"ఫర్గలీది, దవ్లత్‌ది, మా రతీబాది... 'లేవమ్మా రతీబా, కొప్పులో ఉల్లిపాయ. వాసన పీల్చి నువ్వు లే, వాటా అడగ లే.' సరిగ్గా ఉందా?"

"ఉంది."

"తెల్లారగట్ల షిఫ్టులో నిద్ర రాకుండా కొప్పుగుడ్డలో ఉల్లిపాయ దోపుకునేదని నాకే తెలీదు. పాటలో విన్నాకే తెలిసింది. మొగుణ్ణి, నాకే తెలీదు!"

"ఇంకో కప్పు పొయ్యనా?"

"పొయ్యండి. ఊరంతా తిరిగాను ఉమ్ రమ్జీ. రంగులషెడ్డు ఫర్గలీ 'సుబ్హీ నోట విన్నా' అంటాడు. సుబ్హీ 'దవ్లత్ పక్కనుంచి అందుకుంది' అంటాడు. నిన్న దవ్లత్ దగ్గరికెళ్ళాను. ఆవిడ ఏమందో తెలుసా?"

"దవ్లత్‌కి కళ్ళు కనపడవు."

"అప్పుడు కనపడేవి. 'చేతిలో ఎర్రగుడ్డు పట్టుకుని బయ్యూమీ ఎత్తుకున్నాడు, అంతకుముందు ఎవరూ వినలేదు' అంది."

"ముసలిదైపోయింది పాపం."

"మీ ఆయన, ఉమ్ రమ్జీ! నేను అక్కణ్ణించి ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచా. మగ్గాల మిస్త్రీ బయ్యూమీ! నోట్లోంచి మాట ఊడిపడని మనిషి. ఆలోచిస్తే ఇంకో సాక్ష్యం కూడా దొరికింది. భత్యం కోసినందుకు సమ్మె మాట అనుకున్నవాళ్ళందరి పేర్లూ పాటలో ఉన్నాయి, ఆయనదొక్కటే లేదు. కట్టినవాడు తన పేరు తాను పెట్టుకోడుగా. ఎంత వినయం!"

"వద్దు ఉస్తాద్."

"ఏది వద్దు?"

"ఆయన పేరు వెయ్యొద్దు. రాయి మీద వద్దు, పుస్తకంలో వద్దు. నా ముందు ఆ మాట కూడా వద్దు."

"మీరు సంతోషిస్తారనుకున్నా. మీ రమ్జీ యూనియన్ కమిటీ ఎన్నికల్లో జలాల్ మీద నిలబడ్డాడు. తండ్రి కట్టిన పాటని తెలిస్తే ఎంత బలం! 'బయ్యూమీ కొడుకుని' అనేగా వాడు ఓట్లడుగుతున్నాడు."

"అందుకే వద్దంటున్నా."

"నాకర్థం కాలేదు."

"అర్థం కాకపోతేనే— అబ్బ! ఎవరది? తలుపు అట్లా బాదుతారేంటి!"

"మీరు లేవకండి. నేను తీస్తా. అంత భయపడుతున్నారేం?"

"ఏం లేదు. తియ్యండి. ఎవరు?"

"నేనే పిన్నీ, నీ జలాల్‌ని! ఓహో, ఉస్తాద్ వజీహ్ కూడా ఇక్కడే. మంచిది, సాక్షి ఉన్నాడు. బస్బూసా మిఠాయి తెచ్చా పిన్నీ. నెయ్యి కారుతోంది, చూడు."

"చూశాను. నీ చేతికే కారుతోంది. గోడకి రాయకు."

"అదే నోరు, అదే కారం! గురువారం ఈ నోరే కావాలి నాకు. హాలుకి కారు పంపిస్తా. మైకు ముందు ఒక్క మాట చెప్పు, 'ఈ పాట నేను మొదట జలాల్ నోట విన్నాను' అని. ఆ రోజు గట్టున ఉన్నవాళ్ళలో నీ మాటంటే ఊరికి గురి. అంతే. కుర్చీ, పూలదండ, అన్నీ ఉంటాయి."

"ఆ రోజు గట్టు మీద నువ్వెక్కడున్నావురా?"

"ఉన్నానుగా పిన్నీ. ఆ చివర్న."

"ఏ చివర్న? మేనేజరు బే పిల్లల్తో సముద్రం ఒడ్డుకెళ్ళాడు ఆ రోజు. కారు తలుపు తీసి పట్టుకున్నది నువ్వు. మర్నాడు ఎండకి కమిలిన మొహం వేసుకుని షెడ్డులోకొచ్చావు. దవ్లత్ నిన్ను 'ఉడికిన రొయ్య' అంది."

"దవ్లత్ గుడ్డిది."

"అప్పుడు కాదు."

"సరే పిన్నీ, లేననుకో. రాసినవాడు పాడేచోట ఉండాలా? పాటలో నా పేరు లేదు. అదే రుజువు. కట్టినవాడు తన పేరు పెట్టుకోడు. ఏమంటావు ఉస్తాద్?"

"ఆ వాదన నాదీను జలాల్. కాకపోతే—"

"నీ పేరు ఎందుకుంటుందిరా? అవి మగ్గం ఆపుతామన్న వాళ్ళ పేర్లు. నువ్వు యూనియన్‌లో ఉండి 'ఆపకండి, దేశానికి నష్టం' అని కాగితం అంటించావు. పేస్టు కూడా మా పూటభత్యం పిండితోనే చేశావేమో."

"పిన్నీ, పాత మురిక్కాలవ కెలక్కు. వాసనొస్తుంది. అందరికీ."

"రానీ."

"వస్తే నీ ఇంట్లోంచే ఎక్కువొస్తుంది. ఉస్తాద్, పాటలో లేని పేరు నాదొక్కటే కాదు. తెలుసుగా?"

"తెలుసు. బయ్యూమీది. ఇప్పుడే అనుకున్నాం. ఆయన వినయం—"

"వినయం! హహ్హా, వినయం! పిన్నీ, విన్నావా? ఉస్తాద్ చదువుకున్నవాడు, మంచి మాటలు దొరుకుతాయి. బాబాయి పేరు పాటలో ఎందుకు లేదో నాకు తెలుసు, నీకు తెలుసు. రమ్జీకి తెలుసా?"

"నీకెట్లా తెలుసు?"

"ఆ రోజుల్లో జీపువాళ్ళ, ఆ నిఘా పోలీసుల, ఆఫీసులో నేనూ టీ తాగా పిన్నీ. యూనియన్ పనుండేది. ఎదురు బెంచీ మీద ఎవరు కూర్చునేవాళ్ళో కళ్ళు మూసుకుని తాగలేదుగా."

"సిగ్గులేకుండా చెప్తున్నావు."

"ఎందుకు సిగ్గు? నేను యూనియన్ మనిషిని, వెళ్ళొచ్చు. నోరు లేని మిస్త్రీ ఎందుకెళ్ళాలి? నేనేం అనట్లేదు. చచ్చినవాడు పుణ్యాత్ముడు. గురువారం నువ్వొస్తే అందరూ పుణ్యాత్ములే. రాకపోతే శుక్రవారం నమాజు దగ్గర రమ్జీతో మాట్లాడతా, తండ్రి గురించి, వాడి ఓటర్ల ముందు. బస్బూసా తిను పిన్నీ. ఉస్తాద్, నువ్వు కూడా. నీ ఆరోగ్యానికి మంచిది."

"జలాల్, చెయ్యి కడుక్కుని వెళ్ళు. తలుపు పిడికి అంటుతుంది."

"నువ్వు భలే మనిషివి ఉస్తాద్. వస్తా పిన్నీ. గురువారం, పొద్దువాలే వేళ అసర్ నమాజు తర్వాత కారు."



"వెళ్ళాడు ఉమ్ రమ్జీ. మూల తిరిగాడు."

"తలుపు ఎంత చప్పుడుగా వేశాడో చూశారా."

"చూశా. కూర్చోండి. నీళ్ళు తాగండి."

"ఆ డబ్బా పారేయండి. కాదు, ఆగండి. తిండి. పారెయ్యకూడదు. నా కళ్ళకి కనపడకుండా పెట్టండి."

"వెళ్ళేటప్పుడు కింద రొట్టెలమ్మే ఆవిడకిచ్చేస్తా. దాని మీద జలాల్ పేరు రాసి లేదు."

"రాయించి ఉంటే దాన్నీ తనే వండానంటాడు."

"నవ్వారు. మంచిది."

"నవ్వు కాదది. ఉస్తాద్, పాటలో మేనేజరు బే తర్వాత ఎవరు?"

"సుబ్హీ."

"కాదు. మధ్యలో ఒకటుంది. 'లేవయ్యా బయ్యూమీ, నూనెచేతుల వాడా. నువ్వు ముట్టిన మగ్గం పాడుతుంది, నేనూ పాడతా, లే.'"

"ఇది... ఇది నేనెప్పుడూ వినలేదే."

"ఎవరూ వినలేదు. కట్టిన దానికి తప్ప."

"ఉమ్ రమ్జీ."

"గుడ్డలుతుకుతూ కట్టా. నేనే. మిల్లులో నా పాటలు చాలానే తిరిగేవి, పేరు లేకుండా. ఆడది మేనేజర్ని తిట్టిందంటే బాగుండదని ఆయనే పాడేవాడు. కానీ ఆయన అడిగి కట్టించుకున్నది ఈ ఒక్కటే. 'తప్పెటవాడి వరసలో కట్టవే. అందరి పేర్లూ పెట్టు. జనానికి తమ పేరు వినడం ఇష్టం. పేరొస్తే లేచా అనాలి' అన్నాడు. ఎంత మురిసిపోయానో. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నా పాట కావాలన్నాడని."

"ఎవరెవరి పేర్లో ఆయనే చెప్పారా?"

"ఆయనే. 'పండగ తర్వాత మగ్గాలు ఆపుదామంటున్నారు కదా, ఆ ధైర్యస్తులవి' అన్నాడు. ఒక్కొక్కళ్ళ గురించీ నాకు తెలిసిందంతా ప్రేమగా పెట్టా. రతీబా ఉల్లిపాయ కూడా. మేమిద్దరం ఒకే గుడ్డలో రొట్టె విప్పుకునేవాళ్ళం. అది నాకొక్కదానికే చూపించింది."

"మనవాళ్ళలో మీ ఆయనది మొదట పెట్టారు."

"మొదట ఆయనది, చివర నాది. 'లేవమ్మా ఇన్సాఫ్, అందర్నీ లేపావు. నిన్ను లేపేదెవరే, నీకై నువ్వే లే.' గట్టు మీద ఆయన గుడ్డు పట్టుకుని ఎత్తుకున్నాడు. నేను నోట్లో చేప పెట్టుకుని ఎదురుచూస్తున్నా, ఇప్పుడు నా మొగుడి పేరొస్తుంది, అందరూ నావైపు చూస్తారని. మేనేజరు బే అయిపోయింది. సుబ్హీ వచ్చాడు. మరిచిపోయాడేమో అనుకున్నా. చివరికి నాదీ రాలేదు."

"రెండూ కోసేశారు."

"ఆ ముక్క మింగలేదు, ఉమ్మలేదు. అట్లాగే ఉంది నోట్లో. ఉస్తాద్, ఆ రోజు పేరొచ్చినా 'లేచా' అననిది ఎవరో గుర్తుందా?"

"ఫర్గలీ. నోటినిండా గుడ్డు కూరుకుని నవ్వుతున్నాడు. చెయ్యి ఊపాడంతే."

"ఫర్గలీని పట్టుకెళ్ళారా?"

"లేదు."

"అరిచినవాళ్ళనే పట్టుకెళ్ళారు. పండగైన ఆ గురువారం తెల్లారగట్ల జీపులొచ్చాయి. సుబ్హీ ఇల్లు ముందు. తర్వాత దవ్లత్. తర్వాత మీది. ఇళ్ళు ఎక్కడెక్కడో ఉన్నాయి, కాలవకి అటూ ఇటూ. దగ్గరిది వదిలి దూరంది తట్టారు. పాట వరసలో తట్టారు ఉస్తాద్."

"రతీబా... చేతిలో ఉల్లికాడ ఊపుతూ అరిచింది. అందరికంటే గట్టిగా."

"విన్నా. మనిషిని పట్టుకుని 'నువ్వు సమ్మెలో ఉన్నావా' అంటే ఎవడూ అవుననడు. పాటలో అడిగితే పిల్లల ముందు, పెళ్ళాల ముందు లేచి నిలబడి ఉన్నానంటాడు. నేను పాట కట్టాననుకున్నా. ఆయన హాజరు వేయించుకున్నాడు."

"ఊళ్ళో అందరూ ఏమనుకున్నారంటే, పాట నోటా నోటా పాకి జీపువాళ్ళ చెవిన పడిందని."

"నేనూ అట్లాగే అనుకోవాలని ఎంత ప్రయత్నించానో! ఆ వెంటనే రంజాన్ వచ్చింది. గుర్తుందా? మొదటి రోజు తప్పెటవాడు అలవాటుగా పేర్లు పిలుచుకుంటూ వచ్చాడు. 'సుబ్హీ, లే.' జవాబు లేదు. 'దవ్లత్, లే.' లేదు. ఒక్కో ఇంటి ముందూ తప్పెట కొట్టి, కాసేపు నిలబడి, ముందుకొస్తున్నాడు. మా ఇంటి ముందాగి 'బయ్యూమీ, లే' అన్నాడు. పక్కలోంచి ఆయన 'లేచా' అన్నాడు. వీధి మొత్తానికి ఆ ఒక్క గొంతే. నాకు అప్పుడు తెలిసింది. లోపలికెళ్ళి కక్కుకున్నా."

"ఆ తప్పెటవాడు మర్నాటి నుంచి మా గుమ్మం ముందు తప్పెట కొట్టలేదు. వేళ్ళతో తలుపు మీద చిన్నగా తట్టి, ఖర్జూరాలు పెట్టి వెళ్ళిపోయేవాడు. ఏనాడూ ఏమీ అడగలేదు."

"అదీ మనిషంటే. మా ఆయన ఆ వారం మాంసం తెచ్చాడు. వండమన్నాడు. నేను భయంతో పాట సంగతి ఎత్తితే, 'కట్టినవాళ్ళు దొరికారట, ఇక మన జోలికి రారు. నీ చరణం కోసింది నీ కోసమే' అన్నాడు. ఎవర్నో అమాయకుణ్ణి పట్టుకుని ఉంటారని ఏడ్చా. అంతే. వండా. మర్నాడు వండా. ఆయన పోయేదాకా వండా."

"ఎప్పుడూ అడగలేదా?"

"అడిగితే చెప్తాడేమోనని భయం. చెప్పేస్తే ఇక నేను ఆ ఇంట్లో ఉండకూడదు. రమ్జీ చిన్నాడు. ఆయనేమో చెడ్డవాడు కాదు ఉస్తాద్, అదే అసహ్యం. పిల్లాణ్ణి భుజాన మోసేవాడు. నాకు కాళ్ళు పట్టేవాడు, ఆ నూనెచేతుల్తో. నేను పాటలో పెట్టిన చేతులవే. పట్టిన ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది. నన్ను కాపాడాడు చూడండి, అది ఒంటికంటుకున్న జిగురు. ఎంత కడిగినా పోదు."

"మీరు పాటలు మానేసింది అప్పుడేనా?"

"లాలిపాట కూడా పాడలేదు. మనవరాలు అడిగితే గొంతు బాలేదంటా."

"నాకెందుకు చెప్పారివన్నీ? గురువారం హాలుకెళ్ళి ఆ ఒక్క మాట చెప్పేస్తే ఎవరికీ తెలిసేది కాదు."

"నోరు మూసుకుందామనే అనుకున్నా, వాడు గుమ్మంలోకి అడుగుపెట్టేదాకా. వాడి చేతి నెయ్యి చూశాక ఇక దాచకూడదనుకున్నా. ఒకడు నా పాట అమ్ముకున్నాడు. ఇంకొకడు దాన్నే మెళ్ళో వేసుకుని ఊరేగుతాడా? నా నోటితో అవుననాలా?"

"అయితే ఏం చేద్దాం?"

"రాయండి. కట్టింది ఇన్సాఫ్. మేనేజరు బే తర్వాతి చరణం బయ్యూమీది, చివరిది నాది. రెండూ వాటి చోట పెట్టండి. అందర్నీ పిలిచి ఆయన్ని పిలవకపోతే ఎట్లా?"

"రమ్జీ?"

"రేపు పొద్దున్నే వాడింటికెళ్తా. జలాల్ నోట వినకముందు నా నోట వింటాడు. ఓట్లు పోతాయి. తండ్రి పోతాడు. నేనూ పోతానేమో. అయినా అబద్ధం మీద నెగ్గితే వాడూ ఒక జలాల్ అవుతాడు."

"నేనూ వస్తా మీతో."

"మీరా? ఉస్తాద్, మీకసలు నా మీద అసహ్యం వెయ్యట్లేదా? రతీబాని నా నోటి మాటే పట్టించింది. జైల్లోంచి దగ్గుతో వచ్చింది, దగ్గుతోనే పోయింది. మీరు నా టీ తాగుతున్నారు."

"పుదీనా వేశారుగా."

"నవ్వించకండి."

"ఉమ్ రమ్జీ, కట్టిందెవరో కనుక్కోవడానికి నేనెందుకు ఇంటింటికీ తిరుగుతున్నానో మీరడగలేదు."

"పుస్తకం కోసం అన్నారుగా."

"పుస్తకం తర్వాత. పట్టుకెళ్ళినవాళ్ళందర్నీ రంజాన్ పండక్కి వదిలేశారు. రతీబాని వదల్లేదు. బక్రీదుకి వచ్చింది. గుర్తుందా?"

"గుర్తుంది. ఎదురుతిరిగి మాట్లాడిందేమో అనుకున్నాం. దాని నోరు తెలుసుగా."

"ఎందుకో తనూ చెప్పలేదు, ఏళ్ళ తరబడి. పోయేముందు చెప్పింది. లోపల ఒక్కొక్కళ్ళనీ పిలిచి అడిగారట, 'పాట కట్టిందెవరు' అని. ఎవరికీ తెలీదు. రతీబాకి తెలుసు. గట్టు మీద తన చరణం వింటూనే తెలిసిందట. 'కొప్పులో ఉల్లిపాయ చూసింది ఒక్కతే' అంది. ఆ ఒక్కతే ఎవరో మాత్రం నాకు చెప్పలేదు. 'దానంతట అదే చెప్పేదాకా అడక్కు' అంది."

"వాళ్ళడిగితే... ఏం చెప్పిందట?"

"'నేనే కట్టా' అంది."

"కట్టినవాళ్ళు దొరికారట. మాంసం తెచ్చి చెప్పాడు. 'దొరికారట, ఇక మన జోలికి రారు.' అది రతీబా అని తెలిసే చెప్పాడు! ఉస్తాద్, నేనది వండి—"

"లేవకండి. కూర్చోండి. రేపు పొద్దున్నే వస్తా, కలిసి వెళ్దాం. తలుపు నేను వేస్తాను. చప్పుడు కానివ్వను."